పిన్నులు తీసేసిన దుప్పటి

మొదట్లో అతని దగ్గర ఉన్నవల్లా పన్నెండు కాగితాలు, ఒక బొగ్గు కడ్డీ, దుప్పటి చుట్టుకుని నడవడానికి ఒప్పుకున్న అక్క. కదిలే మనిషి ఒంటిమీద బట్ట మడతలు ఎలా పడతాయో గీసి సాయంత్రంలోగా చూపిస్తేనే బట్టల మిల్లులో డిజైన్లు గీసే ఉద్యోగం. మడతలు చెదరకుండా పిన్నులు గుచ్చి, అడుగడుక్కీ అక్కను ఆపి గీశాడు. పదకొండు కాగితాలు అయిపోయాయి. అన్నిట్లోనూ షాపు ముందు నిలబెట్టిన బొమ్మే కనిపించింది.

"నడవమంటావు, ఆగమంటావు. నేనేమైనా సిటీ బస్సునట్రా? మోకాళ్లు పోయాయి," అంటూ అక్క పిన్నులన్నీ పీకేసి, పొంగుతున్న పాల కోసం వంటింట్లోకి పరుగెత్తింది. దుప్పటి ఆమె వెనకాలే ఎగిరింది. అలసిపోయిన అతని చెయ్యి, ఆగమని అడిగే ఓపిక కూడా లేక, ఆఖరి కాగితం మీద ఏడు గీతలు లాగింది.

మిల్లువాళ్లు ఆ ఒక్క కాగితమే ఉంచుకుని, మర్నాటి నుంచి రమ్మన్నారు. రోజంతా ఇద్దరూ పడ్డ పాటుకు దక్కింది ఏడు గీతలు, వాటికో ఉద్యోగం.