ముట్టిన మంత్రి

వైశాఖ బహుళమున జామెడు ప్రొద్దెక్కునప్పటికే ప్రచండమార్తాండకిరణములు వేణుకొండ సంస్థానపు పెంకుటిండ్ల కప్పులను కొలిమిలోని యినుపరేకులవలె కాల్చుచుండగా కాకులు నోళ్లు తెఱచికొని కోటగోడ నీడలయందు రొప్పుచుండగా వీథులలోని ధూళి బాటసారుల యరికాళ్లకు నిప్పుకణికలై యంటుచుండగా జమీందారుగారి కొలువుకూటమునందు మాత్రము వాకిండ్లకు వ్రేలాడగట్టిన వట్టివేళ్ల తడికలపై సేవకులు చల్లని నీళ్లు చిలుకరించుచుండిరి. ఆ పరిమళభరితమైన చల్లదనము నడుమ రత్నకంబళముపై నొక చదరంగపుబల్ల. బల్లకొకవైపున ఎఱ్ఱని లక్కపావులు పదునాఱు, ఇంకొకవైపున పచ్చనివి పదునాఱు. ఎఱ్ఱపావుల వెనుక పదియేండ్ల బాలిక పేరిందేవి కాళ్లు మడిచికొని కూర్చుండియుండెను.

తడికప్రక్కన గోడకానుకొని నిలిచిన యామె తల్లి నాంచారమ్మకు మాత్రము ఆ చల్లదన మొంటికి పట్టలేదు. ఆమె పెనిమిటి అంకుడుకఱ్ఱతో పావులు చెక్కు పనివాడు. చెక్కిన పావులకు లక్కరంగులు పట్టించునది నాంచారమ్మ. క్రొత్త పావుల నమ్మకమునుపు వానితో నొక యాట యాడి చూచుట ఆ యింటి యాచారము. తండ్రి కెదురుగా నట్లు కూర్చుండి కూర్చుండి పేరిందేవి పాలపండ్లు రాలకముందే యెత్తులు నేర్చెను. పెనిమిటి కఱ్ఱకొఱకు మన్యమునకు పోయిన యీ దినములలోనే యీ యాపద వచ్చిపడవలయునా యని నాంచారమ్మ లోలోన కుములుచుండెను. బిడ్డ దగ్గినను క్షయయేమోయని, గడపదాటినను పాము కఱచునేమోయని, నవ్వినను దిష్టి తగులునేమోయని బెదరు స్వభావ మామెది.

ఆపద యేదనగా, నాలుగు దినములక్రిందట తల్లీబిడ్డలు క్రొత్త పావుల పెట్టెతో కోటకు వచ్చినప్పుడు ఆస్థాన చదరంగ విద్వాంసుడు రాయసము గవర్రాజు ప్రభువునకొక చిక్కును విప్పి చూపుచుండెను. ముప్పదియేండ్లుగా ఆ కూటమున నతని కోటమి లేదు. పేరిందేవి తొంగిచూచి "అది కాదు తాతగారూ, గుఱ్ఱమును దూకించినచో రెండెత్తులలో తెమలును" అనెను. ప్రభువు ఫక్కున నవ్వెను. గవర్రాజు నవ్వలేదు. ఆ బాలిక తనతో కొలువున ఆడవలయుననియు, గెలిచినచో పున్నమికొలువులయం దామెకొక పీట వేయవచ్చుననియు, ఓడినచో బ్రతికినంతకాలము పావును ముట్టరాదనియు పట్టుపట్టెను. దానితోపాటు కూటపు పాతనియమ మొకటి జ్ఞాపకము చేసెను. ఆట సాగునప్పుడు చూపరులెవరైన నోరు విప్పినచో వారెవరి పక్షమువారో ఆ పక్ష మోడినట్లే.

"ఓసి పిల్లా, పాలు త్రాగి వచ్చితివా? నడుమ నాకలియని యేడ్చినచో మీయమ్మ పలుకుటకు వీలులేదు సుమా" అని గవర్రాజు మీసము దువ్వుచు పలికెను.

"చద్దియన్నము తిని వచ్చితిని తాతగారూ. తమరు తాంబూలము ముగించి యాడుదురా, నమలుచునే యాడుదురా?"

కూటమంతయు గొల్లుమనెను. ఈ నోరే దీని కొంప ముంచునని నాంచారమ్మ గోడకు మఱింత యొదిగెను.

ఆట మొదలయ్యెను. ఎఱ్ఱబంటు కదలెను. పచ్చబంటు దాని నడ్డగించెను. ఎఱ్ఱగుఱ్ఱములు రెండును ఎఱ్ఱయొంటెయు వెంటవెంటనే నడిగడులలోనికి దూకెను. గవర్రాజు బల్లవంక సరిగా చూడనైన చూడక చేయి విసరుచు ఎత్తులు వేయుచుండెను. అతని పచ్చయొంటె వచ్చి యొక ఎఱ్ఱగుఱ్ఱము నెదుట నిలిచెను. ఆ గుఱ్ఱము తొలగినచో దాని వెనుకనున్న మంత్రి చచ్చును. పావులకు రంగు పూయుటయే కాని ఆటలోతు లెఱుగని నాంచారమ్మకు సైత మంతమాత్రము తెలియును. ఐనను ఆఱవయెత్తున పేరిందేవి తడబాటు లేక ఆ గుఱ్ఱమునే యెత్తి ముందున్న పచ్చబంటును చంపెను. మంత్రి దిక్కులేక నిలిచెను. నాంచారమ్మ పమిటచెంగును నోట కుక్కుకొనెను.

"మంత్రిని దానము చేయు ధర్మాత్మురాలిని ముప్పదియేండ్లలో నేడు చూచితిని!" అని గవర్రాజు వెటకరించెను. చూపరు లొకరిభుజ మొకరు చఱచుకొని నవ్విరి. ప్రభువు వక్కకొఱకై తాంబూలపుపెట్టెపై వంగెను. ఆ క్షణమున గవర్రాజు బొటనవ్రేలితో చూపుడువ్రేలితో ఎఱ్ఱమంత్రి తలను పట్టి యొకింత లేవనెత్తెను. ఎత్తి, బల్లవంక మొదటిసారిగా నిజముగా చూచి, కొయ్యబాఱెను. ఆ మంత్రిని చంపినచో మఱి రెండెత్తులలో గుఱ్ఱములును ఒంటెయు కూడి తన రాజు నూపిరాడకుండ చుట్టివేయునని యతనికి తెలిసెను. వెంటనే మంత్రిని విడిచి లేనియీగ నొకదానిని తోలుచున్నట్లు చేయి విదలించి తన యొంటెను వెనుకకు లాగికొనెను.

"తాతగారూ, నా మంత్రిని ముట్టితిరి. ముట్టినదానిని చంపవలయును."

"నేనా? ఈగను తోలితినే పిల్లా."

"ఈగను రెండువ్రేళ్ల పట్టి యెత్తుదురా?"

ప్రభువు తలయెత్తి "నేను చూడలేదు. చూచినవారు పలుకుటకు నియమ మొప్పదు. ఆట సాగనిండు" అనెను.

"మాయమ్మ చూచినది!" అని పేరిందేవి తల్లివైపు తిరిగెను.

గవర్రాజు కూడ నటే తిరిగెను. అతని పెదవులపై తేనెపూసిన చిఱునవ్వు. "తల్లి చూచినచో తల్లి పలుకకుండునా? ఏమమ్మా నాంచారమ్మా, కన్నబిడ్డ నిండుకొలువున కల్లరియనిపించుకొనుచుండగా నోరు మెదపవేమి? చెప్పుము. భయమెందులకు?"

అప్పుడు నాంచారమ్మ కా నవ్వు లోతు తెలిసెను. ఔనన్నను ఆట పోవును, కాదన్నను పోవును, ఊఁకొట్టినను పోవును. ఎన్నడును భయముతప్ప మఱియొకటి యెఱుగని యా గుండెలో అరికాలినుండి మాడువఱకు భగ్గున కోపము రగిలెను. ఆ ముదుసలి కపటముపై, పెట్టెలో వక్క వెదకుకొన్న ప్రభువుపై, ఏ చెట్టుపుట్టలవెంబడియో తిరుగుచున్న పెనిమిటిపై, తుదకు తన్నట్లు సాక్షిగా నిలువబెట్టిన కూతురిపై సైతము ఆమె కోపము మండెను. నాలుక చివర నిలిచిన మాట నిప్పుముద్దయై నోటిని కాల్చుచుండగా ఆమె దానిని మ్రింగెను. తల యూపలేదు. ఱెప్ప యైన నల్లార్పలేదు.

"చూచితిరా, తల్లికే నమ్మకము లేదు!" అని గవర్రాజు కిసుక్కున నవ్వెను.

పేరిందేవి తల్లివంక మఱియొక్క మాఱు చూచెను. ఆ చూపున కన్నీరు లేదు. అంతకంటె కఱకైన దేదియో యుండెను. పిమ్మట బల్లవైపు తిరిగి నడుము నిటారుగా నిలిపెను. ఎఱ్ఱయొంటె పచ్చయొంటెను చంపి తానును చచ్చెను. విడువబడిన యా మంత్రియే యేటవాలుగా దూసికొనిపోయి పచ్చరాజు నెదుట నిలిచెను. "రాజును కాచుకొనుడు." రాజు గూడు విడిచి బయటికి వచ్చెను. "కాచుకొనుడు." నడిగడులలోనికి పరుగిడెను. "కాచుకొనుడు." గవర్రాజు నోట తాంబూలము కదలుట మానెను. నుదుటిచెమట మీసములపైకి జాఱెను. పదుమూడవయెత్తున ఎఱ్ఱగుఱ్ఱము తుదిగడిలో దిగెను.

"ఆట కట్టు" అని పేరిందేవి పలికెను.

ఓడినవాడు తన రాజును గెలిచినవారి చేతిలో పెట్టుట ఆ కూటపు మర్యాద. గవర్రాజు పచ్చరాజును తీసికొని బాలికవంక చూడక ప్రభువునకు చాచి "ఇది యాట కాదు ప్రభూ, ఉచ్చు. మొదటనే గొంతు పట్టుట బోయలవిద్య. ఏలినవారి సొత్తు ఏలినవారికే" అనెను.

"ఆట ముగిసినదా ప్రభూ?" తడికప్రక్కనుండి వచ్చిన యా కంఠము నెవరును పోల్చుకొనలేకపోయిరి.

"ముగిసినదమ్మా."

"ఐనచో నే నిపుడు నోరు తెఱువవచ్చునుగదా. చూచితిని! ఈ రెండు కన్నులతో చూచితిని. బొటనవ్రేలు మంత్రి నెత్తిన, చూపుడువ్రేలు మెడక్రింద. ఆ మెడకు నేను చుట్టిన లక్కగీత నీవ్రేలిక్రింద కప్పబడుట చూచితిని. ఏమయ్యా గవర్రాజుగారూ, నెరసిన మీసము పెట్టుకొని పదియేండ్ల పసిదాని ముందా అబద్ధము? తల్లిని రెచ్చగొట్టి బిడ్డ గొంతు కోయించవలెనని చూచితివే, నీవా బోయలపేరెత్తువాడవు? వారు మృగమునకు వల పన్నుదురు, తల్లికి పన్నరు. ఏలినవారూ తమరును వినుడు. పావుల మీది కన్ను వక్కల మీదికి పోయినచో న్యాయ మెవరు చూతురు? ఆ రాజు తమది కాదు. నా బిడ్డది. దాని చేతిలో పెట్టింపుడు."

ఇంతమాట యాడిన తన్ను కోటగుమ్మమునకు కట్టి కొట్టింతురని నాంచారమ్మ తలంచెను. తలంచియు తలవంచలేదు. ప్రభువు మొగము జేవురించెను. అతడు "గవర్రాజా, ఇమ్ము" అనెను.

పేరిందేవి లేచి నిలువలేదు. కూర్చున్నచోటనే యరచేయి నేలబారుగా చాచెను. ఆ చేతి నందుకొనుటకు గవర్రాజు మోకాలు మోపి నడుము వంచవలసివచ్చెను.

మండుటెండలో ఇంటిదారి పట్టిన తల్లీబిడ్డలు కోటవాకిలి దాటి బహుదూరము నడచిరి. పేరిందేవి నాలుగడుగులు ముందు.

"నీవు పలికియుండినచో నే నోడియుందును. అది నాకు తెలియునమ్మా" అని యామె వెనుదిరుగకయే పలికెను. "ఐనను నీపై కోపముగానే యున్నది."

"ఉండనిమ్ము. నాకును ఉన్నది."

"ఎవరిపై?"

"అందఱిపైనను. నీపై గూడ. మెల్లగా నడువుము, కాళ్లు కాలును."

బిడ్డ యడుగు తగ్గించెను. తల్లి పమిటచెంగు విప్పి యా చిన్నతలపై కప్పెను. అన్యాయమును కన్నులార చూచినవారి కోపము మంచిమాటలతో చల్లారునది కాదు. చల్లార్చుటకు తొందరపడరాదు కూడ. ఆ మధ్యాహ్నమున ఒకే చెంగునీడలో ఇరువురును ఎవరి మంట వారు మోసికొనుచు పోవుచుండగా బాలిక పిడికిటిలో పచ్చరాజు తల మాత్రము వ్రేళ్లసందున బయటికి చూచుచుండెను.