ఇచ్చినవారి పేరు

కల్వకుర్తి బజారులో స్టీలు సామాన్ల దుకాణం మెట్టు మీద కూర్చుని సర్దార్ అప్పటికే మూడు పళ్లేలకు పేర్లు కొట్టాడు. మోకాళ్ల మధ్య గోనెపట్టా, ఎడమచేతిలో సన్నటి ఉలి, కుడిచేతిలో సుత్తె. టిక్కు టిక్కుమంటూ చుక్క పక్కన చుక్క. నలభై అయిదేళ్లుగా అదే మెట్టు, అదే వంగిన నడుము. చుట్టుపక్కల ఊళ్లలో లగ్గాలకు కానుకలిచ్చే వాళ్ల పేర్లన్నీ అతని చేతుల మీదుగా పోయినవే. తన ఇంట్లో మాత్రం రెండు సిల్వరు గిన్నెలు, ఒక చెంబు. భార్య అన్వరీ బేగం పోయాక అవి కూడా ఎక్కువే.

ఈ మధ్య చూపు ఆనడం లేదు, వేళ్లు వణుకుతున్నాయి. యజమాని ఐలేశం పేర్లు రాసే కరెంటు మిషను తెప్పించాడు. రేపటి నుంచి దానిదే రాజ్యం. పొమ్మనడానికి నోరు రాక పొద్దున నసిగాడు.

"ఇన్నేండ్లు చేసినవు. నచ్చిన సామాను ఒకటి తీస్కపో."

"ఏం జేస్కోవాలె సేటూ. వండెటోళ్లు లేరు, పెట్టెటోళ్లున్నరు," అన్నాడు సర్దార్.

పెట్టేది పక్క ఊరి బిక్షమ్మ; రోజూ బస్సులో సద్ది పంపుతుంది. రేపు ఆమె మనవరాలి లగ్గం. బిందె కొనడానికి వస్తానని కబురు పెట్టింది. ఆ బిందె మీద పేరొక్కటి తన చేతులతో కొడితే చాలు, ఆ తర్వాత ఉలి పట్టకపోయినా ఫికరు లేదనుకున్నాడు.

బిక్షమ్మ తల్లీతండ్రీ లేని పిల్ల. కూలి చేసి, తన పెళ్లికి తానే ఇత్తడి బిందె కొనుక్కుంది. సర్దార్ అప్పుడు పనికి కొత్త. ఉలి పదును చూడడానికి రేకుముక్క మీద తన పేరు కొట్టుకునే అలవాటు. ఆ రోజు పరధ్యానంగా బిందె మీదే 'సర్దార్' అని కొట్టేశాడు. అప్పటి యజమాని, ఐలేశం తండ్రి, చెయ్యెత్తితే ఆమే అడ్డం వచ్చింది.

"ఉండనియ్యుండ్రి. ఇచ్చినోళ్ల పేరు రాపియ్యనీకి నాకెవరున్నరు."

సర్దార్ ఎవరని అత్తగారింట్లో అడిగితే, మా అన్న అని చెప్పింది. చెప్పిన పాపానికి అతను అన్న కావలసి వచ్చింది. ఆమె కాన్పులకు దవాఖాన బయట కూర్చున్నాడు. అన్వరీ పోయి పొయ్యి వెలగని మూడు దినాలూ ఆమే వండి తెచ్చింది. ఒక్క తప్పు ఇంత మేలు చేస్తుందని ఎవరనుకున్నారు.

మధ్యాహ్నం బస్సు దిగి బిక్షమ్మ వచ్చింది. బిందె ఏరుకుని అతని ముందు పెట్టింది.

"ఎవరి పేరు చెల్లె?"

"ఎవరిదేంది అన్నా. నీదే కొట్టు."

"మిషను మీద నిమిషంల అయితది," అన్నాడు ఐలేశం.

"ఒద్దు సేటూ. మా అన్ననే కొడ్తడు."

సర్దార్ కండ్లు తుడుచుకున్నాడు. "అల్లా నాకు సామాను ఇయ్యలే, చెల్లెనిచ్చిండు. మస్తయింది," అని తనలో తానే అనుకున్నట్టు అన్నాడు. 'స' కొట్టాడు. 'ర్దా' కొట్టేసరికి చొక్కా తడిసింది. బిక్షమ్మ పక్కనే కూర్చుని కొంగుతో విసురుతోంది.

"జర ఆగుత," అని గోడకు ఒరిగాడు. సుత్తె మెల్లగా ఒళ్లోకి జారింది. కునుకు పట్టిందనుకుని ఆమె విసురుతూనే ఉంది. విసిరి విసిరి చెయ్యి నొప్పి పెట్టాక పిలిచింది. అన్న పలకలేదు.

సాయంత్రం మగవాళ్లు మట్టి చేసి వచ్చేదాకా ఆమె ఆ మెట్టు మీదే కూర్చుంది. మిగిలిన అక్షరం మిషనుతో కొట్టిస్తానన్నాడు ఐలేశం.

"ఒద్దు, గట్లనే ఉండనియ్యి. ఎవలన్న అడిగితే మా తాత అని చెప్తది పిల్ల."

మరునాడు పందిట్లో సారె సామాన్ల మధ్య ఆ బిందె ఉంది. 'సర్దా' అన్న అక్షరాల పక్కన నున్నటి స్టీలు మీద ఒకే ఒక్క చుక్క.