జొన్నచేన్లో డిస్కు

ప్రియదర్శిని గట్టు మీదే ఆగిపోయింది. జొన్నచేను నడిమధ్య కర్రకు వేలాడుతూ, ఎండలో తళతళా తిరుగుతున్నది పిట్టలను బెదరగొట్టే రేకు కాదు, తన కంప్యూటర్లో విండోస్ ఎక్స్‌పీ ఎక్కించే డిస్కు.

"అమ్మా! ఇదెవురు కట్టింది?"

"నేనే. పిచ్చుకలు గింజ మిగల్నిస్తాండాయా? బీరువాలో ఊరికే పడుంటే తెచ్చి కట్టినా," అంది దేవమ్మ. "ఏమాయ?"

ఏమాయనా! ఆళ్ళగడ్డ బస్టాండు దగ్గర ప్రియదర్శిని ఒకే కంప్యూటరుతో నడిపే నెట్ సెంటర్‌కు ఏడాది కిందట వైరస్ పట్టింది. నెట్ కలిపిన నిమిషానికే కంప్యూటరు ఆరిపోయేది. ఎక్స్‌పీ మళ్ళీ ఎక్కించినా, అప్‌డేట్లు దించుకునేలోపే ఆ పీడ మళ్ళీ దూరేది. నంద్యాలలో కంప్యూటర్లు బాగుచేసే కరుణాకర్ దానికి విరుగుడు కనిపెట్టాడు. పాత డిస్కులోని సరుకంతా తన కంప్యూటర్లోకి దింపి, అప్‌డేట్లన్నీ అందులోనే కలిపేసి, కొత్త డిస్కు రాశాడు.

"వడ్డించినాక ఉప్పు చల్లేది కాదక్కా, ఎసట్లోనే ఏసేది," అన్నాడు.

"అట్లయితే మా నాయన్ను గూడా ఎసట్లోనే ఎయ్యి," అంది ప్రియదర్శిని.

చనిపోయిన ఆమె నాయన జకరయ్య సారు గొంతు ఆ కంప్యూటర్లో మాత్రమే మిగిలింది. మైకు కొన్న రోజు, పనిచేస్తుందో లేదో చూద్దామని ఆయన అన్న ఒకే ఒక్క మాట: "లెయ్యండప్పా, తెల్లారిపాయ!" కంప్యూటరు తెరుచుకునేటప్పుడు మోగే సంగీతం తీసేసి, కరుణాకర్ ఆ మాటను డిస్కులోనే పెట్టాడు. ఇక ఎన్నిసార్లు తుడిచి ఎక్కించినా నాయన మళ్ళీ లేచొస్తాడు.

పోయిన వారం పిడుగుకు కంప్యూటరు కాలిపోయింది. మిగిలింది ఈ డిస్కే. అదేమో నెల రోజుల ఎండకు వెలిసిపోయి, గాలికి కర్రను రాసుకుని ఒళ్ళంతా గీతలు పడింది.

దేవమ్మ చేన్లోనే కూలబడింది. "మీ నాయన ఆ రేకులో ఉండాడని నాకేం తెల్సు తల్లీ!"

కరుణాకర్ ఏమన్నా చేయగలడేమోనని మర్నాడు తొలి బస్సుకు ప్రియదర్శిని ఆ డిస్కు పట్టుకుని నంద్యాల పోయింది. రాత్రంతా కంటిమీద కునుకు లేదు. అతని అంగడి ఉన్న సంజీవనగర్‌లో నడుస్తుంటే వీధి కలలోలాగా తేలుతోంది. ఎవరో వాకిట్లో నీళ్ళు చల్లుతున్నారు, షట్టర్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి. ఎరువుల అంగట్లోంచి ఒక గొంతు వినబడింది.

"లెయ్యండప్పా, తెల్లారిపాయ!"

నిద్రమత్తు అనుకుంది. నాలుగడుగులు వేసిందో లేదో, జెరాక్స్ అంగట్లోంచి మళ్ళీ అదే మాట, అదే బొంగురు. తర్వాత ఫోటో స్టూడియోలోంచి. నాయన వీధి పొడుగునా ఒక్కో అంగడినీ లేపుకుంటూ తనకంటే ముందు నడుస్తున్నాడు. ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చి, ఆమె ఒక అరుగు మీద కూర్చుండిపోయింది. వీధి చివరి అంగడి తెరిచేదాకా లేవలేదు.

కరుణాకర్ ఆమెను చూడగానే నాలుక కరుచుకున్నాడు.

"తప్పయిపాయక్కా. నీ డిస్కు రాసిన ఫోల్డర్నే అందరికీ వాడినా. సార్ మాట తీసేది మర్చిపోయినా. అరవై మిషన్లలో ఎక్కిపాయ. ఒక్కొక్కటే తీసేస్తాలే."

"తీసినావంటే చెయ్యి ఇరగ్గొడతా," అని ఆమె వెలిసిన డిస్కును బల్ల మీద పెట్టింది. "ఇట్లాంటివి రెండు రాసియ్యి."

"రెండెందుకక్కా?"

"ఒకటి మా యమ్మకు. చేన్లో కట్టుకుంటాది."