కృపమ్మగారి పెరటి దుంపలు

కోతపండుగ వేలంలో బంగాళాదుంపల బుట్ట పాడుకున్నప్పుడు మత్తయి మాస్టారి చూపు దుంపల మీద లేదు. ఓట్ల మీద ఉంది.

రేపల్లెలో వాళ్ళ చర్చి సంఘానికి కార్యదర్శి ఎన్నిక వచ్చే ఆదివారమే. కిందటిసారి మాస్టారు మూడు ఓట్ల తేడాతో ఓడిపోయారు. కృపమ్మగారింట్లో నాలుగు ఓట్లున్నాయి, నాలుగూ అవతలివాడికి పడ్డాయి. ఆయన ముప్పయ్యేళ్ళు బళ్ళో చెప్పిన లెక్కలన్నిటికంటే ఇది తేలికైన లెక్క. అందుకే ఆవిడ బుట్ట తెచ్చి బల్లమీద పెట్టి, "మా పెరట్లో పండినవండి, తొలి పంట" అనగానే, వేలం వేసేవాడు నోరు తెరవకముందే మాస్టారు చెయ్యెత్తేశారు. పోటీకి ఎవరూ రాలేదు. అయినా ఆగకుండా తన పాట మీద తనే రెండుసార్లు పెంచుకున్నారు.

అయ్యగారు ప్రార్థన చేసి బుట్ట చేతికిచ్చారు. కృపమ్మగారు పైటచెంగుతో కళ్ళొత్తుకుంది.

"మీ చేతికి చేరాయి అన్నయ్యా, అదే చాలు."

"అదే చాలంటే ఎలాగమ్మా? గురువారం మా ఇంటికి భోజనానికి రా. మీ దుంపల వేపుడే. తిని నువ్వే చెప్పాలి ఎలా ఉందో!" అన్నారు మాస్టారు, వెనక వరసలో కూర్చున్నవాళ్ళక్కూడా వినపడేలా.

ఆవిడ ముఖం కాస్త పాలిపోయింది. ఆనందం ఎక్కువైందనుకున్నారాయన.

ఇంటికొచ్చాక సుగుణమ్మ బుట్ట మీద పరిచిన బంతిపూలు తీసి చూసింది. "ఏవండీ, ఇవేంటి ఇలా ఉన్నాయి?"

"ఎలా ఉన్నాయి?"

"పచ్చగా ఉన్నాయి. మొలకలు కూడా వచ్చాయి."

"తాజావి కదే."

"తాజాగా ఉంటే పచ్చగా ఉండటానికి అదేమన్నా మామిడికాయా? దుంప."

"అయితే లేతవై ఉంటాయి. నాలుగు రోజులుంచితే ముగ్గుతాయి."

సుగుణమ్మ ఆయన వైపు చాలాసేపు చూసింది. బడిలో పిల్లలు తప్పు చెప్పినప్పుడు ఆయనా అలాగే చూసేవారు. కూరగాయలు ఆయన సిలబస్‌లో ఎప్పుడూ లేవు. సోమవారం, మంగళవారం పొద్దుట్నుంచి సాయంత్రందాకా దుంపలన్నీ పిట్టగోడ మీద వరసగా పేర్చి, మధ్యాహ్నం ఓసారి రెండోవైపుకి తిప్పారు కూడా. బుధవారం పొద్దున చూస్తే ఆ మిగిలిన కాస్త తెలుపు కూడా పోయింది.

అప్పుడు బాపట్లలో ఉన్న అల్లుడు రమేష్ బాబుకి ఫోన్ చేశారు. ఏదో పరీక్షల ల్యాబులో పనిచేస్తాడు. ఏం అడిగినా మెల్లగా, పూర్తిగా చెబుతాడు. ఆ గుణం వల్లే ఆయనకి మామూలుగా అల్లుడికి ఫోన్ చేయబుద్ధి కాదు.

"ఆ పచ్చరంగు విషం కాదు మావయ్యగారూ. ఆకుల్లో ఉండేదే. కాకపోతే వెలుతురు తగిలిన దుంపకే ఆ రంగొస్తుంది. ఆ వెలుతురుకే లోపల సోలనిన్ అని ఇంకోటి పెరుగుతుంది. విషం అది. పచ్చబడిందంటే అదీ పెరిగుంటుందని అనుమానించాలి."

"ఉడకబెడితే పోదా?"

"పోదండి. వేయించినా చాలావరకు అలాగే ఉంటుంది. ఎక్కడో చిన్న మచ్చంత పచ్చగా ఉంటే, తొక్క మందంగా తీసి, ఆ ముక్కా మొలకలూ లోతుగా కోసేసి మిగతాది వండుకోవచ్చు. మొత్తం పచ్చబడినా, చేదుగా ఉన్నా పారేయడమే. తింటే కడుపునొప్పి, వాంతులు. మీరు వాటిని వెలుతురులో పెట్టలేదు కదా?"

మాస్టారు పిట్టగోడ వైపు చూశారు. "లేదులే. రమేషూ, ఒక్క మాట. వీటికి ప్రార్థన కూడా చేశారు."

అల్లుడు కాసేపు ఆలోచించాడు. "దానికి మా ల్యాబులో పరీక్ష లేదండీ."

ఇక వేరే దుంపలు కొనాలి. రేపల్లెలో కొనే వీల్లేదు. వేలంలో బుట్టెడు దుంపలు పాడుకున్న మనిషి మూడోరోజున కిలో దుంపలు కొంటే, సంచీ ఇల్లు చేరేలోపు ఆ కబురు కృపమ్మగారిల్లు చేరుతుంది. అందుకని మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎవరైనా అడిగితే కంటి డాక్టరు దగ్గరికని చెప్పడానికి పాత చీటీ ఒకటి జేబులో పెట్టుకుని, రైలెక్కి తెనాలి వెళ్ళారు. ఎవరూ అడగలేదు. ఆయనే ఇద్దరికి చీటీ తీసి చూపించారు.

మార్కెట్టు మొదట్లో పెద్ద మీసాలాయన కొట్టు. "మట్టి లేనివి, మంచివి ఇవ్వు బాబూ, రేపల్లె రైలు అందుకోవాలి" అన్నారు మాస్టారు.

"మీరు మట్టి వద్దంటారు. పది రోజుల కిందట మీ రేపల్లె నుంచే ఒకావిడొచ్చి, మట్టంటినవే కావాలని ఒక్కొక్కటీ ఏరుకుని బుట్టెడు పట్టుకెళ్ళింది. మీ ఊళ్ళో ఒక్కొక్కళ్ళది ఒక్కో పద్ధతా అండి?"

మా ఊళ్ళో అంత తిక్క మనిషి ఎవరబ్బా అనుకున్నారు మాస్టారు. రైలు టైమవుతుండటంతో అంతకుమించి అనుకోలేదు.

గురువారం కృపమ్మగారు ఒక్కతే వచ్చింది.

"బావగారేరమ్మా?"

"ఆయనకి ఒంట్లో బాగాలేదన్నయ్యా. ఏదో తిన్నది పడలేదు."

పప్పు, చేపల పులుసు, మధ్యలో పళ్ళెం నిండా ఎర్రగా వేగిన బంగాళాదుంపలు. కృపమ్మగారు ఆ పళ్ళేన్ని చూసి, కంచం తనవైపు జరుపుకుని, "పప్పు ఎంత బాగుందో వదినా" అంది.

"ఇంకా వడ్డించలేదు కృపమ్మా" అంది సుగుణమ్మ.

"వాసనకే తెలుస్తోంది."

మాస్టారు గరిటె పట్టుకున్నారు. "ముందు వేపుడు వేసుకోమ్మా. మీ పెరటివేగా!"

"నాకు దుంప పడదన్నయ్యా, వాతం."

"పండించినదానివి, నీకు వాతమేంటి?"

ఆవిడ తినకపోతే మనస్సు నొచ్చుకున్నట్టే. నొచ్చుకుంటే నాలుగు ఓట్లూ పోయినట్టే. నమ్మకం కలిగించడానికి మాస్టారే రెండు గరిటెలు వేసుకుని గబగబా తిన్నారు. మరో రెండు వేసుకున్నారు. ఆయన ముద్ద మింగినప్పుడల్లా కృపమ్మగారు కళ్ళు మూసుకుంటోంది.

"చేదుగా లేదా అన్నయ్యా?"

"చేదేంటి! అమృతంలా ఉంటే."

"కడుపులో ఏమన్నా తిప్పుతోందా?"

"ఇంకా తినాలనిపిస్తోంది" అంటూ పళ్ళెం మొత్తం తనవైపు లాక్కున్నారు మాస్టారు.

కృపమ్మగారు లేచి, ఆయన కంచం మీద చెయ్యి అడ్డంపెట్టి, భోరుమంది. "తినొద్దన్నయ్యా! అవి మా పెరటివి కావు. మాకు పెరడెక్కడిది, కుళాయి గట్టు తప్ప? అందరూ తొలి పంట అని ఏదో ఒకటి తెస్తుంటే ఉత్తచేతుల్తో ఎలా రానూ? తెనాలిలో కొనుక్కొచ్చా. ఎవరి కంటా పడకూడదని పండుగదాకా డాబా మీద దాచా."

"ఎండలోనా?" అంది సుగుణమ్మ.

"ఎండలోకి ఎవరొస్తారు వదినా చూడ్డానికి? నాలుగు మిగిలితే మొన్న మధ్యాహ్నం మా ఆయనకి వేయించి పెట్టా. సాయంత్రానికి ఒకటే వాంతులు. అప్పట్నుంచి నాకు కూడు సయించట్లేదు. లే అన్నయ్యా, ఆటో పిలుస్తా, ఆసుపత్రికెళదాం!"

మాస్టారు చేతిలో ఉన్న ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఇప్పుడు నోరు మూసుకుని ఆటో ఎక్కితే చాలు. ఆవిడ మాట పోకూడదని విషం తిన్న మనిషిగా మిగిలిపోతారు. నాలుగు ఓట్లేం ఖర్మ, వాళ్ళ చుట్టాలవి కూడా పడతాయి. ఆ ముద్ద నమిలినంతసేపూ ఆ సంగతి ఆలోచించారు. కానీ కృపమ్మగారు అప్పటికే చెప్పులు లేకుండా గుమ్మం దాటి, "ఆటో! ఆటో!" అని కేకలేస్తోంది.

"ఆటో వద్దమ్మా, ఇలా రా" అన్నారాయన నీరసంగా. "ఇవీ తెనాలివే. నిన్న వెళ్ళి తెచ్చా."

ఆవిడ గుమ్మంలో ఆగిపోయింది. "ఏ కొట్లో?"

"మార్కెట్టు మొదట్లో. మీసాలాయన."

"నాకూ ఆయనే ఇచ్చాడు." కృపమ్మగారు ముక్కు చీది, కాళ్ళు తుడుచుకుని లోపలికొచ్చి కూర్చుంది. "మరి నావేం చేశారన్నయ్యా?"

సుగుణమ్మే చెప్పింది: "ఏ గొడ్డూ తినకుండా గొయ్యి తీసి పూడ్చా. ప్రార్థన చేసినవి కదాని మీ అన్నయ్య పక్కన నిలబడి రెండు మాటలు కూడా చెప్పారు."

కృపమ్మగారు కంచం ముందుకు జరిపింది. "అయితే ఆ వేపుడు ఇలా పెట్టండి. మూడు రోజులైంది సరిగ్గా తిని."

మాస్టారికి మిగిలింది అడుగున మాడిన నాలుగు ముక్కలు.

ఆదివారం ఎన్నికలో ఆయన అయిదు ఓట్ల తేడాతో గెలిచారు. లెక్క సరిపోయింది. కార్యదర్శిగా మినిట్సు పుస్తకంలో తొలి తీర్మానం స్వహస్తాలతో రాశారు: 'కోతపండుగకు తెచ్చు దుంపలు గోనెసంచిలో, చీకటి చోట ఉంచవలెను. పచ్చబడినవి తీసుకొనబడవు.' బలపరిచినవారు కృపమ్మగారు.

"మన వైపు దుంపలెవరు పండిస్తారు మాస్టారూ?" అని అయ్యగారు ఆశ్చర్యపోయారు. "కృపమ్మగారు తప్ప!"

"అందుకేనండి" అంది కృపమ్మగారు.