గూడు కాసిన మగచేప

ముప్పయ్యేళ్లు సముద్రం మీద వేట చేసినవాడికి చేపల గురించి ఎవరైనా చెప్పబోతే తాతకు దగ్గులు నేర్పినట్టే ఉంటుంది. అలా అనుకోవడమే ఎర్రన్న చేసిన మొదటి తప్పు.

వాళ్లది భోగాపురం దగ్గర ఒడ్డునున్న పల్లె. హుద్‌హుద్ తుపానప్పుడు పడవని పైకి లాగుతుంటే ఎర్రన్న మోకాలు చెడింది. అప్పటినుంచి వేటకు వెళ్లలేదు. పెళ్లాం లక్ష్మణమ్మ పొద్దున్నే చేపలగంప నెత్తికెత్తుకుని ఊళ్ల మీద తిరిగి అమ్ముకొస్తే, ఈయన గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ల మీద విసుక్కునేవాడు. వేటకెళ్లని మగాడు ఎందుకూ పనికిరాడని ఎవరూ అనలేదు. తనకు తనే రోజూ అనుకునేవాడు.

మోకాలు చూపించుకోడానికి విజయనగరం వెళ్లినప్పుడు, జగన్నాధంగారి అక్వేరియం షాపులో సీసాలో ఉన్న ఒక నీలం ఫైటర్ చేపను చూశాడు. వేలెడంత లేదు. ఎర్రన్న మొహం దగ్గర పెట్టగానే రెక్కలన్నీ విప్పి కయ్యానికి సిద్ధమైంది. రెండేళ్లలో మొదటిసారి ఎర్రన్న నవ్వాడు. ఒక మగది, ఒక ఆడది కొనుక్కుని, పిల్లలు పెట్టించి అమ్మకానికి తెస్తానన్నాడు.

"తెస్తే నేనే తీసుకుంటాను. కానీ ఎర్రన్నా, జత కలిపేముందు కొన్ని తెలుసుకోవాలి," అన్నాడు జగన్నాధం.

"సేపల గురించి నాకేటి సెప్తారు బాబూ," అని ఎర్రన్న బస్సెక్కేశాడు.

ఇంటికొచ్చి, చేపలకు ఐసు వేసే థర్మాకోల్ పెట్టె ఒకటి శుభ్రంగా కడిగి అంచుదాకా నీళ్లు పోశాడు. చేపకి లోతు కావాలి కదా. రెండింటినీ ఒకేసారి వదిలాడు. మగది ఆడదాని తోక చింపేసింది. ఎలాగో రెండు రోజులకు రాజీపడి, మగది నీటిమీద కట్టిన నురగగూట్లో గుడ్లు చేరాయి. ఎర్రన్న మీసం దువ్వుకున్నాడు. మగాడు వేటకెళ్తాడు, ఆడది పిల్లల్ని చూసుకుంటుంది. లోకమంతా అంతే కదా. మగచేపను తీసి సీసాలో వేసి, తల్లిని గుడ్ల దగ్గర వదిలాడు.

మధ్యాహ్నానికి ఒక్క గుడ్డూ లేదు. తల్లి పొట్ట మాత్రం నిండుగా ఉంది.

ఇంతలో లక్ష్మణమ్మ తమ్ముడు గంగులు విశాఖనుంచి ఫోన్ చేశాడు. ఐసు ఫ్యాక్టరీలో వాచ్‌మెన్ పని ఖాళీగా ఉందని, బావ వచ్చి అక్కడే గదిలో ఉండొచ్చని చెప్పాడు. ఇల్లూ ఒడ్డూ వదిలి ఎవరి గేటు ముందో కుర్చీ వేసుకుని కూర్చోవడం తల్చుకుంటేనే ఎర్రన్నకు ముద్ద దిగలేదు. అయినా పెళ్లాం ముందు రోషానికి పోయి, "ఇంకొక్కపాలి గుడ్లు పెట్టించి సూస్తాను. అదీ పోతే గంగులు కాడికెల్లిపోతాను," అనేశాడు.

రోషం సగం చచ్చి మళ్లీ విజయనగరం వెళ్లాడు. జగన్నాధం ఎగతాళి చెయ్యలేదు.

"ఈ జాతిలో తల్లి గుడ్లు తినేస్తాది ఎర్రన్నా. తండ్రే కాస్తాడు. పెట్టడం అయిపోగానే తల్లిని తీసెయ్యి, నేకపోతే ఆ తండ్రే దాన్ని సంపేస్తాడు. పిల్లలు గూటికి వేలాడ్డం మాని అడ్డంగా ఈదిన రోజున తండ్రినీ తీసెయ్యి. నీళ్లు నాలుగు వేళ్ల లోతే. పిల్లల మేత ముందే సిద్ధం చేసుకో. ఎండుగడ్డి నానబెడితే ఆ నీళ్లలో కంటికి కనపడని పురుగు పుడతాది."

"తల్లి తింటాదా?" అన్నాడు ఎర్రన్న. మిగతావేవీ అతనికంత వింతగా అనిపించలేదు.

ఈసారి చెప్పినవన్నీ చేశాడు. తల్లి తోక మానేదాకా ఆగాడు. గడ్డి కుండలో నానబెట్టాడు. నాలుగు వేళ్ల నీళ్లలో గూటికి ఆనుగా ఎండిన బాదం ఆకు వేసి, అడుగు కోసేసిన ప్లాస్టిక్ సీసాను మధ్యలో నిలబెట్టి అందులో ఆడదాన్ని ఉంచాడు. మగది దాన్ని చూస్తూ రెండు రోజులు గూడు కట్టింది. జతకు సిద్ధమైనట్టు ఆడదాని ఒంటిమీద నిలువు చారలు తేలాక సీసా తీసేశాడు.

లక్ష్మణమ్మ ఖాళీ గంపతో వచ్చేసరికి రెండూ పెనవేసుకుని విడిపోతున్నాయి. తెల్లటి గుడ్లు నూకల్లా కిందికి రాలుతుంటే మగది వెంటపడి నోట్లో వేసుకుంటోంది.

"మావా, ఈడు తినేస్తన్నాడు," అని ఆమె పెట్టెలో చెయ్యి పెట్టబోయింది.

ఎర్రన్న ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఒగ్గీ. సూడు," అన్నాడు.

మగది పైకి వెళ్లి, నోట్లోని గుడ్లను ఒక్కొక్కటే నురగలోకి ఊదింది. మళ్లీ కిందికి దిగింది. లక్ష్మణమ్మ గంప పక్కన పెట్టి కూలబడింది. గుడ్లు పెట్టడం అయిపోయాక తల్లిని ఆమే గిన్నెతో తీసింది.

మర్నాటికల్లా గూటి కింద వెంట్రుకముక్కల్లాంటి పిల్లలు వేలాడాయి. జారి పడిన ప్రతిదాన్నీ తండ్రి నోటితో ఎత్తి గూట్లో పెడుతున్నాడు. వాడు మేత ముట్టలేదు. ఎర్రన్న కూడా పెట్టె దగ్గరనుంచి లేవలేదు. పెట్టిన అన్నం పెట్టినట్టే చల్లారింది.

"మన పిల్ల అనూరాధ పుట్టినప్పుడు నువ్వు పారాదీప్ కాడ వేటలో ఉన్నావు," అంది లక్ష్మణమ్మ కంచం దగ్గరికి జరుపుతూ. "నెల్లాళ్లకి దాని మొకం సూసినావు."

అందులో నిష్ఠూరమేమీ లేదు. అయినా ఎర్రన్నకు ముల్లు గుచ్చుకున్నట్టయింది. పిల్లను చంకనెత్తుకున్న రోజులు లెక్కపెడితే చేతివేళ్లు మిగిలిపోతాయి.

"పిల్లలు ఇలగ పెరుగుతారని నానెప్పుడూ సూళ్లేదే," అన్నాడు. ఆమె కంచంలో మజ్జిగ పోసింది.

మూడోనాటి పొద్దున్న పిల్లలు అడ్డంగా ఈదాయి. గూడు వదిలి పెట్టె నిండా చెదిరిపోయాయి. తండ్రి ఇంకా ఒక్కొక్కదాన్నీ పట్టుకొచ్చి గూట్లో పెట్టాలని చూస్తూనే ఉన్నాడు. వాణ్ని తియ్యాలంటే ఎర్రన్నకు చెయ్యి రాలేదు. "సాల్రా అయ్యా, ఇంక నాను సూస్తాను," అంటూ గిన్నెలోకి తీసుకుని సీసాలో వదిలాడు. తర్వాత కుండలోని గడ్డినీళ్లు చెంచాతో పోస్తూ కూర్చున్నాడు. రెండు రోజులైంది. ఒక్క పిల్లా చచ్చి అడుగుకు పడలేదు.

ఆ రోజు గంపకు గుడ్డ కడుతుండగా లక్ష్మణమ్మ ఫోన్ మోగింది. గంగులు. బావ వస్తున్నాడా లేదా తేల్చమంటున్నాడు. ఆమె భర్త వైపు చూసింది. ఎర్రన్న చెంచా పట్టుకుని పెట్టెమీదకి వంగి ఉన్నాడు.

"మీ బావ రాడురా," అంది. "ఇంటికాడ గుంటలున్నారు, పసిపిల్లలు. నాను ఊరు మీదకెల్తే ఆళ్లనెవలు సూస్తారు?"

ఫోన్ బొడ్లో దోపుకుని గంప ఎత్తుకుంది. ఎర్రన్న కళ్లు తుడుచుకుని కుంటుతూ గుమ్మందాకా వచ్చాడు. తను వేటకెళ్లినన్నాళ్లూ పడవెక్కేముందు ఆమె ఒడ్డున నిలబడి అనే మాట అతని నోటివెంట వచ్చింది.

"జాగర్తగా ఎల్లిరా. అన్నం వండి ఉంచుతాను."