ఒంటి మీది మూట

బస్సు ఛార్జీలు పెంచారు, సరే, అందరితోపాటు ఏడవొచ్చు. మూటకి కూడా మనిషి టికెట్టే కొట్టాలన్నప్పుడు మాత్రం టైలర్‌కి ఒళ్లు మండింది. కుట్టిన బట్టలు ఊరవతల కొట్టుకి చేరిస్తేనే అతనికి కూలి. రెండు టికెట్లు కొంటే ఆ కూలి కాస్తా బస్సు పాలే.

ఉపాయం చెప్పింది పెళ్లాం. మోసుకెళ్తే కదా టికెట్టు, తొడుక్కుని వెళ్తే ఎవడడుగుతాడంది. టైలర్ నాలుగు చొక్కాలు, వాటి మీద కోటు తొడుక్కుని, రెండు చేతులూ ఒంటికి తగలకుండా ఎడంగా పెట్టుకుని బస్సెక్కాడు. కోటు నలిగితే ఇక పని ఇవ్వనని కొట్టు యజమాని ముందే తెగేసి చెప్పాడు.

ఆ బస్సులో కోటేసుకున్నవాడు ఎక్కడమే వింత. ఒక తాపీమేస్త్రి ఎగాదిగా చూసి, ఇతను బస్సు కంపెనీ ఆఫీసరని తేల్చేశాడు. ఇంకేముంది, అందరూ చుట్టుముట్టారు. ఆసుపత్రిలో గదులు తుడిచే ఆవిడ, మీ పుణ్యమా అని సగం దూరం నడిచొచ్చి ఎక్కుతున్నానంటూ దులిపేసింది. టైలర్‌కి చెమటలు కారుతుంటే, తప్పు చేసినవాడికి పట్టవా మరి అన్నారు. ఎవరో కాలర్ పట్టుకోబోయారు.

"బాబ్బాబు, కావాలంటే నన్ను కొట్టండి, కోటు ముట్టుకోకండి," అంటూ టైలర్ గబగబా కోటు విప్పాడు. దాని కింద చొక్కా, ఆ చొక్కా కింద ఇంకో చొక్కా. "నేనూ మీలాంటివాణ్ణే. మూటకి టికెట్టు కొనలేక మూటనే తొడుక్కున్నా."

బస్సంతా పగలబడి నవ్వింది. కండక్టర్ ఒక్కడే నవ్వలేదు. విప్పాక అది మూటే, టికెట్టు తియ్యమన్నాడు.

ఆఫీసరన్న పాపానికో ఏమో, మేస్త్రి చటుక్కున కోటందుకుని తొడుక్కున్నాడు. "ఇక్కడ మూటేదయ్యా? ముందుకెళ్లు," అన్నాడు.

"సరే సార్," అన్నాడు కండక్టర్. కోటు కనబడగానే ఆ నోటికి అలా అలవాటైపోయింది. తీరా మేస్త్రిని సార్ అనేశానని తెలిశాక సిగ్గుపడి, నిజంగానే ముందుకెళ్లిపోయాడు.

కొట్టు దగ్గర బస్సాగగానే టైలర్ కోటు కోసం చెయ్యి చాచాడు. మేస్త్రి గుండీలు తడుముకుంటున్నాడు గానీ విప్పడం లేదు.

"ఇంకొక్క స్టాపు ఉండనీ అన్నా. పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ సార్ అనలేదు."

బస్సు కదిలింది. టైలర్ కిటికీలోంచి చూశాడు. కొట్టు వెనకబడిపోతోంది, యజమాని తిడతాడు, అంత దూరమూ వెనక్కి నడవాలి.

"సరే, ఉంచుకో," అన్నాడు. "కూర్చోకు మాత్రం, నలుగుతుంది."