పిన్‌కోడ్ లేదు, అడగండి

నేను ఒక ఎర్రర్ మెసేజ్‌ని. ఎర్ర అంచు డబ్బాలో రెండే ముక్కలుగా ఉంటాను: "పిన్‌కోడ్ లేదు, ఫిర్యాదు నమోదు కాలేదు. దయచేసి అడిగి రాయండి." నన్ను ఎవరూ చదవరు. కనబడగానే మొహం చిట్లించి, మూసెయ్యడానికి ఎక్కడ నొక్కాలా అని వెతుకుతారు. తప్పు చేసేది వాళ్లు, చెప్పినందుకు చెడ్డదాన్ని నేను.

నేను పుట్టింది హైదరాబాద్‌లో, మాదాపూర్‌లోని ఒక ఆఫీసు ఐదో అంతస్తులో. నన్ను రాసింది ప్రవల్లిక అనే ఇల్లెందు అమ్మాయి. ఇళ్లకు ఆక్సిజన్ మిషన్లు ఇచ్చే ఒక కంపెనీకి, కస్టమర్ల వివరాలనూ ఫిర్యాదులనూ క్లౌడ్ ప్లాట్‌ఫామ్ మీదికి చేర్చే పని ఆమె బృందానిది. ఒకరోజు ఆమె ఎంత ప్రయత్నించినా కొన్ని ఫిర్యాదులు సేవ్ కాలేదు. ప్లాట్‌ఫామ్ ఏదో పొడి ఇంగ్లిష్ ముక్క పడేసి ఊరుకుంది. ప్రవల్లిక, సిస్టమ్ తన పనులన్నీ రాసుకునే లాగ్ తెరిచి, వరస తరవాత వరస, మధ్యాహ్నం భోజనం కూడా మానేసి చదివింది. చివరికి దొరికింది. పాత ఎక్సెల్ నుంచి తెచ్చిన కస్టమర్లలో కొందరికి పిన్‌కోడ్ లేదు. ఏ ఊరికి ఏ మెకానిక్ వెళ్లాలో పిన్‌కోడే చెబుతుంది కాబట్టి, అది లేని ఫిర్యాదును ప్లాట్‌ఫామ్ ఒప్పుకోదు.

ఫోన్లో ఫిర్యాదులు రాసుకునే కాల్ సెంటర్ వాళ్లకు అర్థం కావాలని ఆమె నన్ను తెలుగులో రాసింది. "దయచేసి" అన్న మాట ముందు లేదు. టీ తాగొచ్చి కలిపింది. ఆ ఒక్క మాటకు నేను ఆమెకు జీవితాంతం రుణపడి ఉన్నాను.

నా వైభవం నాలుగు రోజులు. ఐదో రోజు ఆక్సిజన్ కంపెనీ వాళ్లకు డెమో. టీమ్ లీడ్ ఫణీంద్ర వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ప్రవల్లికా, క్లయింట్ ముందు ఎర్ర డబ్బా వస్తే పరువు పోతుంది. ప్రస్తుతానికి తెర మీద రాకుండా చేసి, మెయిల్‌కి పంపించెయ్."

"ఎవరి మెయిల్‌కి, ఫణీంద్ర గారూ?"

"నీదే పెట్టు. డెమో అయ్యాక మారుద్దాం."

డెమో బ్రహ్మాండంగా జరిగింది. చప్పట్లు కొట్టారు. నన్ను తిరిగి తెర మీదికి తెమ్మని మాత్రం ఎవరూ చెప్పలేదు. అప్పటి నుంచి పిన్‌కోడ్ లేని ఫిర్యాదు రాస్తే, కాల్ సెంటర్‌లో ఏ గోలా లేకుండా కొత్త ఖాళీ ఫారం వచ్చేది. ఖాళీ ఫారం వచ్చిందంటే పని అయినట్టేనని వాళ్లకు నేర్పారు. నేనేమో ఆ ఫిర్యాదును మోసుకుని ప్రవల్లిక మెయిల్‌కి వెళ్లేదాన్ని. పాపం, ఆమె నన్ను తెరిచేది, ఫోన్ చేసి పిన్‌కోడ్ కనుక్కునేది, తన చేత్తో నమోదు చేసేది. ఎనిమిది నెలలు అలా నెట్టుకొచ్చింది.

తరవాత ఆమెకు వేరే ఉద్యోగం వచ్చింది. ఆఖరి రోజు అప్పగింతల మీటింగ్. ఆమె రాసుకొచ్చిన పట్టికలో నా సంగతి చివరి వరసలో ఉంది: "ఎర్రర్ మెయిల్ చిరునామా మార్చాలి." ఇంకో రెండు వరసలు చదివితే నా దగ్గరికి వచ్చేవారు. ఇంతలో కేక్ వచ్చింది. మా ఆఫీసుల్లో కేక్ వచ్చాక ఇక ఏ మీటింగూ నడవదు. "మిగతావి మేం చదువుకుంటాంలే" అన్నారు. మొహానికి క్రీమ్ పూశారు, ఫొటోలు దిగారు. సాయంత్రానికి ఆమె మెయిల్ మూసేశారు.

అప్పుడు వచ్చింది బాలప్ప ఫిర్యాదు. తాండూరు దగ్గర నాపరాళ్లు పాలిష్ పట్టి పట్టి, ఊపిరితిత్తుల నిండా రాతిపొడి నింపుకున్న మనిషి. ఫోన్ చేసింది ఆయన భార్య అనంతమ్మ. కాల్ సెంటర్‌లో రేష్మ అనే అమ్మాయి రాసింది: "మిషన్ చప్పుడు మారింది. గాలి తక్కువ వస్తోంది." నేను దాన్ని మోసుకెళ్లి, మూసిన మెయిల్‌కు కొట్టుకుని వెనక్కి పడ్డాను. రెండు రోజులకు మళ్లీ ఫోన్. పాత ఫిర్యాదు కనబడకపోతే, రాసిన తానే సేవ్ చేయడం మరిచిపోయిందేమో అనుకుని రేష్మ మళ్లీ రాసింది: "పడుకుంటే ఊపిరి అందట్లేదు." మళ్లీ వెళ్లాను, మళ్లీ పడ్డాను. మూడోసారి రాసింది ఇంకా చిన్నది: "కూర్చున్నా అందట్లేదు. అర్జెంట్." ఆ మూడు వాక్యాలూ నా దగ్గరే ఉన్నాయి. అరవడానికి నాకు నోరు లేదు. ఉన్న ఒక్క నోరూ తెర, దాన్ని కట్టేశారు.

ఆ నెల ఫిర్యాదులు తగ్గాయని ఫణీంద్ర బృందానికి మెచ్చుకోలు వచ్చింది. గ్రాఫ్ చక్కగా కిందికి దిగింది.

మరో మూడు వారాలకు ఇలియాస్ అనే కొత్త డెవలపర్ ఏదో పరీక్షిస్తూ, పిన్‌కోడ్ లేకుండా ఒక దొంగ ఫిర్యాదు రాశాడు. తరవాత వెతికితే అది లేదు. పొద్దున్నంతా లాగ్ తవ్వాడు. కోడ్‌లో ప్రవల్లిక రాసిన ఒక వరస కనబడింది: "డెమో కోసం మాత్రమే. తరవాత తీసెయ్యాలి." అతను వెంటనే ఆ కట్టు విప్పి నన్ను తెర మీద నిలబెట్టాడు. అందని ఫిర్యాదులన్నిటినీ ఒక జాబితా చేసి కాల్ సెంటర్‌కు పంపాడు.

ఆ జాబితా చేరేలోపే, ఆ మధ్యాహ్నమే అనంతమ్మ ఫోన్ చేసింది. రేష్మ ఆమె గొంతు గుర్తుపట్టింది.

"అమ్మా, మెకానిక్ వచ్చిండా?" అని రేష్మ ముందే అడిగింది.

"రాలే బిడ్డా. ఇగ రావద్దు గని, మిషన్ తీస్కపోండ్రి. ఆయన పోయి పదకొండు దినాలాయె. ఎవరికన్న అక్కరకొస్తది."

రేష్మ "మిషన్ వాపసు" అని రాసి బటన్ నొక్కింది. అప్పుడు నేను వచ్చాను, ఎర్ర డబ్బాలో, నా రెండు ముక్కలతో, "దయచేసి"తో సహా. ఆ అమ్మాయి నన్ను మొదటి నుంచి చివరిదాకా చదివింది. నన్ను అలా చదివిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

"అమ్మా… మీ పిన్‌కోడ్ చెప్తరా?"

అనంతమ్మ తడుముకోలేదు. ఆరు అంకెలూ ఒక్క గుక్కలో చెప్పింది.

"ముందుగాలనే అడుగుతే చెప్తుంటి గద బిడ్డా" అంది.

రేష్మ టైప్ చేసింది. గడి నిండింది. గడి నిండితే నేను తెర మీద ఉండకూడదు. వెళ్లిపోయాను.